జీవానందం అయ్యవారు మోసిన పెట్టె

ఎలీషబాకు పెళ్లి కుదిరిందని తెలిసినప్పుడు, మార్కాపురం పలకల గనుల్లో ఆమెతో పాటు రాళ్లు మోసే ఆడవాళ్లంతా ఆమె అదృష్టానికి కుళ్లుకున్నారు. పెళ్లికొడుకు అయ్యవారు మరి. మిషను బోర్డింగులో చదివి, ట్రెయినింగు పూర్తిచేసుకొని, అర్ధవీడు దగ్గర ఒక పల్లెలో బడి నడుపుతున్నాడు. పేరు జీవానందం. కోటుంది, గొడుగుంది, కోటు జేబుకు గొలుసుంది. గొలుసు చివర గడియారం లేదన్న సంగతి ఎలీషబాకు పెళ్లయిన తరవాత తెలిసింది.

"ఇంక నీ నెత్తిన రాయి ఉండదే ఎలీషబా! కుర్చీలో కూసోని బతుకుతావు" అన్నారు తోటివాళ్లు.

ఎలీషబా కూడా అట్లాగే అనుకుంది. ఊహ తెలిసినప్పటినుంచీ గనిలోంచి పలకరాయి నెత్తిన పెట్టుకొని గట్టు ఎక్కిన మనిషి. మెడ గట్టిపడి, నడక నిటారుగా మారి, చర్చిలో ప్రార్థనకు కూడా తల వంచడం కష్టమయ్యేది. కుర్చీ మాట ఎట్లా ఉన్నా, మెడకు కాస్త విశ్రాంతి దొరికితే చాలనుకుంది.

పెళ్లి బండి పల్లె ముందర ఆగింది. జీవానందం కిందికి దిగాడు. గొడుగు విప్పాడు. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటివైపు నడిచాడు. బండిలో ఎలీషబా రేకుపెట్టె, చాపల చుట్ట, పుట్టింటివాళ్లు ఇచ్చిన రుబ్బురోలు ఉన్నాయి. పెళ్లికూతురు పెట్టె నెత్తికెత్తుకుంది. రోలును మామ అంకన్న భుజానికెత్తుకున్నాడు. అంకన్నకు బాప్తిస్మంలో అబ్రహామని పేరు పెట్టారు గాని, ఆ పేరుతో పిలిస్తే ఆయన పలికేవాడు కాదు. ఎవరినో పిలుస్తున్నారనుకునేవాడు.

ఇల్లూ బడీ ఒకే కప్పు కింద ఉండేవి. ఆదివారం ఆ బడే గుడి. ఎలీషబా పొయ్యి దగ్గర కొర్రలు చెరుగుతుంటే, నడుమ ఉన్న తడికలోంచి పాఠమంతా వినపడేది. జీవానందానికి ఇంగ్లీషంటే ప్రాణం. అందులోనూ ఒకే అర్థానికి వచ్చే మాటలను దొంతరలుగా పేర్చి చెప్పడమంటే మరీ ప్రాణం. బోర్డింగులో ఆయనకు పాఠం చెప్పిన దొరసాని ఆ అలవాటు చేసిందట. ఆ దొంతరల్లో బరువుల మాటల దొంతర ఆయనకు మహా ఇష్టం. పిల్లలచేత రోజూ వల్లె వేయించేవాడు.

"లగ్ అంటే?"

"కష్టపడి మోయుట!"

"హాల్ అంటే?"

"బలము పెట్టి లాగుట!"

"డ్రాగ్ అంటే?"

"నేలమీద ఈడ్చుట!"

టగ్ అంటే ఒక్క ఊపున గుంజడం. హీవ్ అంటే ఊపిరి బిగబట్టి ఎత్తడం. గ్రిప్ అంటే పట్టు, క్లచ్ అంటే భయంతో పట్టుకునే పట్టు. ఇవన్నీ ఆయన చేసి చూపించేవాడు. లగ్ దగ్గర నడుం వంచి తూలేవాడు. హీవ్ దగ్గర మొహం ఎర్రబడేదాకా ఊపిరి పట్టేవాడు. చేతుల్లో ఏమీ ఉండేది కాదు. ఉత్త చేతులతోనే ఆయాసపడి, నుదుటి చెమట జేబురుమాలుతో తుడుచుకునేవాడు. తడికలోంచి ఆ వేషం మొదటిసారి చూసినప్పుడు ఎలీషబాకు నవ్వాగలేదు. చేటలోని కొర్రలు కింద పడ్డాయి.

ఒకసారి సుబ్బన్న కొడుకు లేచి, "లాగినా ఈడ్చినా మాకు ఒకటే గదా అయ్యవారూ" అన్నాడు. వాడికి రెండు చేతులమీదా బెత్తం దెబ్బలు పడ్డాయి.

"మీ బతుకులకు ఒకటే మాట చాలురా" అన్నాడు జీవానందం. "ఇంగ్లీషు బతుకుకు చాలదు."

పాఠం అయిపోగానే కుర్చీ లోపల పెట్టడానికి ఎలీషబాను కేకేసేవాడు. కుర్చీకీ ఆ నిలువెత్తు మనిషికీ మధ్య జానెడు దూరమే ఉండేది. పుస్తకాల సంచీ ఆమె తేవాలి. పొద్దు వాలాక గొడుగు అవసరం తీరితే దాన్నీ ఆమె పట్టుకోవాలి. ఇంకొక నియమం కూడా ఉండేది. భర్తను మీరు అనాలి. పల్లెలో ఏ ఆడదీ మొగుణ్ణి అట్లా అనేది కాదు. ఎలీషబా మొదట్లో నోరు తిరక్క నవ్వుకునేది. తరవాత అలవాటయింది.

పల్లెకు నీళ్లు వాగులోంచే. ఊరిబావి దగ్గరికి వీళ్లను రానిచ్చేవాళ్లు కాదు. వాగు ఇసకలో చెలమ తోడి, ఊరిన నీళ్లు ముంతతో కుండలోకి ఎత్తుకొని, నిటారుగా ఉన్న గట్టు ఎక్కి రావాలి. నిండుకుండను నెత్తిమీద పెట్టడానికి ఇంకో మనిషి చెయ్యి కావాలి. ఎలీషబా కడుపుతో ఉంది, నెలలు పెరుగుతున్న కొద్దీ ఆ చెయ్యి తప్పనిసరయింది. ఒక సాయంత్రం చెలమ దగ్గర ఎవరూ లేరు. గట్టుమీద జీవానందం గొడుగు పట్టుకొని షికారు తిరుగుతున్నాడు.

"ఏమండీ, రవ్వంత కుండ పైకెత్తండి" అని పిలిచింది.

ఆయన కిందికి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. "ఎవరన్నా ఆడమనిషి వస్తాది. అంతదాకా నిలబడు" అని నడుచుకుంటూ పోయాడు.

ఎవరూ రాలేదు. ఎలీషబా సగం నీళ్లు ఇసకలో పారబోసి, మిగిలిన సగం కుండను చంకన పెట్టుకొని గట్టెక్కింది. ఇంటికి పోయి మామ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇదేం మనిషి మామా? కుండకు చెయ్యి తగిలిస్తే అరిగిపోతాదా?"

అంకన్న కుడిభుజం మీద నిమ్మకాయంత కాయ ఉండేది. దాన్ని రాసుకుంటూ చెప్పాడు.

"నేను వెట్టి చేసేవాణ్ణి గదమ్మా. తాసీల్దారు క్యాంపు వస్తే సామాను మోసేది మేమే. ఒకసారి కంబం నుంచి ఆయన స్నానం చేసే తొట్టి నా నెత్తిన పెట్టినారు. రేకు తొట్టి. బోర్లించి పెట్టుకుంటే మొహం కనపడదు, ముందర దారి కనపడదు. మీ ఆయన అప్పుడు ఇంతే ఉన్నాడు. నా పంచె పట్టుకొని దారి చెప్పుకుంటా వచ్చినాడు. ఊర్లోకి రాంగానే పెద్దింటి పిల్లోళ్లు తొట్టిమీద రాళ్లేసి వాయించినారు. డమడమా మోగింది. అందరూ నవ్వినారు. నాకు లోపల చెవులు పగిలిపోయినాయి. ఇంటికొచ్చినాక వీడు ఏడ్చుకుంటా, నాయనా, నేను పెద్దోణ్ణయితే గడ్డిపోచ గూడ మోయను అన్నాడు. ఆ మాట మీద నిలబడినాడు. పోనీలేమ్మా."

ఎలీషబా కళ్లు తుడుచుకుంది. ఆ తొట్టి కథ ఆమెను మెత్తబరిచింది. అది పొగరనుకుంది గాని, ఒట్టు అన్నమాట. తరతరాలుగా అందరి సామానూ మోసిన ఇంట్లో ఒక్కడైనా ఉత్త చేతులతో, తలెత్తుకొని నడవాలనుకున్నాడు. నడవనీ. ఆ మోత ఏదో నేను మోస్తా. నాకేం కొత్తా? ఇట్లా సర్దిచెప్పుకుంది. మర్నాటినుంచి కుర్చీ ఎత్తేటప్పుడు ఆమెకు ముందున్నంత కోపం రాలేదు. గొడుగు పట్టుకొని ముందర నడిచే మనిషిని వెనకనుంచి చూసి కాస్త గర్వపడింది కూడా.

ఆ గర్వం ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా నిలిచింది.

స్కూళ్ల ఇన్‌స్పెక్టరు నాగభూషణరావు తనిఖీకి వస్తున్నాడన్న కబురు వానాకాలంలో వచ్చింది. జీవానందం బడి గోడలకు ఎర్రమన్ను పూయించాడు. పూసింది ఎలీషబా. పిల్లలచేత బరువుల మాటలు పొద్దున సాయంత్రం వల్లె వేయించాడు. "ఈ దొంతర వింటే ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలోంచి లేస్తాడు చూడు" అని భార్యకు చెప్పాడు.

తనిఖీ రోజు పొద్దున్నే వాగుకు నీళ్లొచ్చాయి. ఎలీషబా ఒడ్డున కుండ పెట్టుకొని, బురదనీళ్లు తేరుకునేదాకా ఆగుదామని కూచుంది. అవతలి గట్టునుంచి గూడుబండి దిగింది. నడివాగులో ఒక చక్రం కూరుకుపోయింది. ఎద్దు మోకాళ్లమీద పడింది. బండివాడు తోక మెలిపెట్టాడు, తిట్టాడు. బండి కదల్లేదు. గూడులోపల నాగభూషణరావు దిగకుండా కూచునే ఉన్నాడు. బిళ్లబంట్రోతు ఒకడు మోకాలిలోతు నీళ్లలో నిలబడి, పల్లెవైపు చూసి, "ఎవుర్రా అక్కడ! నలుగురు రండి!" అని కేక పెట్టాడు.

వచ్చింది నలుగురు కాదు. బడి మొత్తం వచ్చింది. ముందర జీవానందం పరిగెత్తుకొస్తున్నాడు. కోటు తొడుక్కొని, తలపాగా చుట్టుకొని, చంకలో గొడుగుతో. గట్టుమీద ఆగి, గొడుగు కింద పడేసి, చెప్పులు వదిలేసి, కోటుతోనే నీళ్లలోకి దిగాడు. ఎలీషబా తన కళ్లను తాను నమ్మలేదు.

"సర్, గుడ్ మార్నింగ్ సర్!"

నాగభూషణరావు గూడులోంచి తల బయటపెట్టి ఇంగ్లీషులో ఏదో విసుక్కున్నాడు. అందులో ఒక్క మాట ఎలీషబాకు స్పష్టంగా వినపడింది. హీవ్.

జీవానందం మొహం వెలిగిపోయింది. పిల్లలవైపు తిరిగి, "విన్నార్రా! హీవ్! ఇన్‌స్పెక్టరుగారి నోట వచ్చింది! పట్టండి, హీవ్!" అని అరిచి చక్రానికి భుజం ఆనించాడు.

"చక్రం దాకానే," అన్నాడు బంట్రోతు. "గూట్లో చెయ్యి పెట్టొద్దు. అయ్యగారి ఫలహారం డబ్బా ఉంది."

"అట్లనే అన్నా, అట్లనే" అన్నాడు జీవానందం.

బండి బురదలోంచి లేచింది గాని గట్టు ఎక్కలేకపోయింది. బరువు తగ్గించాలన్నాడు బండివాడు. బంట్రోతు ఫలహారం డబ్బా తాను పట్టుకున్నాడు. మిగిలింది పెద్ద ఇనప ట్రంకుపెట్టె. బంట్రోతు దాన్ని బండి అంచుదాకా జరిపి, మోసే మనిషి కోసం గట్టువైపు చూశాడు. పల్లెలో ఇట్లాంటి మోతలకు పోయే సుబ్బన్న గట్టుమీదే ఉన్నాడు, దిగబోతున్నాడు కూడా. ఈలోపల జీవానందం తలపాగా విప్పి, చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకొని, పెట్టె కింద నిలబడ్డాడు.

"నేనుండంగ వాళ్లెందుకు? పెట్టన్నా, పెట్టు."

పెట్టె నెత్తికెక్కింది. జీవానందం గట్టెక్కాడు. పళ్లికిలిస్తూ ఎక్కాడు. పెట్టె అడుగునుంచి కారే బురదనీళ్లు కోటుమీద చారలు కట్టాయి. ఎలీషబా ఖాళీ కుండ ముందర కూచుని ఉంది. ఆమె పక్కనుంచే నడిచాడు. ఆమెను చూడలేదు. నెత్తిన పెట్టె ఉన్నవాడు పక్కకు చూడలేడు, అది ఎలీషబాకు తెలుసు. కాని చేతులు ఖాళీగా ఉన్నా చూసేవాడు కాదనిపించింది.

గట్టుమీద పల్లెజనంలో అంకన్న కూడా ఉన్నాడు. కొడుకు నెత్తిమీది పెట్టెను కాసేపు చూసి, వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు.

తనిఖీ ఎక్కువసేపు జరగలేదు. నాగభూషణరావు తన మడతకుర్చీ వేయించుకొని చూరు కింద కూచున్నాడు, లోపలికి రాలేదు. జీవానందం తడిసిన కోటుతో నిలబడి పిల్లలచేత దొంతర వల్లె వేయించాడు. లగ్, హాల్, డ్రాగ్, టగ్, హీవ్. పిల్లలు ఒక్క మాట తప్పలేదు. ఎలీషబా తడిక వెనక ఉంది.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. బంట్రోతువైపు చూసి తెలుగులోనే అన్నాడు.

"మోత మాటలన్నీ నేర్పాడయ్యా ఈ మేష్టరు! మంచిదే. వీళ్లకు పనికొచ్చే చదువంటే ఇదే. రేపు ఏ దొర సామాను మోసినా ఇంగ్లీషు ముక్క అర్థమవుతుంది."

బంట్రోతు పగలబడి నవ్వాడు. పిల్లలు అయ్యవారి మొహంకేసి చూశారు. అయ్యవారు ఏం చేస్తే తామూ అదే చెయ్యాలి గదా. జీవానందం నవ్వాడు. గట్టిగా, వాళ్లిద్దరితో కలిసి నవ్వాడు. అప్పుడు పిల్లలూ నవ్వారు.

తడిక వెనక ఎలీషబాకు ఆ మనిషిని ఇన్నాళ్లూ మీరు అన్న నోటిని కడుక్కోవాలనిపించింది.

సాయంత్రం జీవానందం ఉబ్బితబ్బిబ్బవుతూ ఇంట్లోకి వచ్చాడు. "ఇన్‌స్పెక్టరుగారు ఏమన్నాడో తెలుసా? వినయం గల మనిషివి, పెద్ద బడిలో ఉండాల్సినవాడివి అన్నాడు. గిద్దలూరుకు రాస్తాడంట. కుర్చీ లోపల పెట్టు."

ఎలీషబా పొయ్యి దగ్గరనుంచి లేవలేదు.

"నువ్వే పెట్టుకో."

జీవానందం ఆగిపోయాడు. "ఏందీ? నువ్వా?"

"నువ్వే. ఇంక నువ్వే. ట్రంకుపెట్టె మోసినోడివి, కుర్చీ మోయలేవా?"

"పెద్దాయనకు మర్యాద చేస్తే మోసినట్టా? గనుల్లో పుట్టినదానివి, నీకేం తెలుస్తాది!"

"మాకు మర్యాదలు తెలీవులే. మేము కూలికి మోసినాం. మీ నాయన కొడతారని మోసినాడు. నిన్ను ఎవురు మొయ్యమన్నారు? సుబ్బన్న దిగుతానే ఉన్నాడు గదా? ఎవురూ అడగకుండానే ఎగబడి నెత్తినపెట్టుకుంటివి. నీ పెండ్లాం కడుపుతో కుండ ఎత్తమంటే ఆడమనిషి వస్తాది నిలబడమంటివి!"

"నోరు ముయ్యి."

"ఆయన మన పిల్లోళ్లను చూసి నవ్వినాడు. దానికి నువ్వు గూడ నవ్వినావు. తొట్టిమీద రాళ్లేసినోళ్లను చూసి ఏడ్చినావంట చిన్నప్పుడు. ఇప్పుడు నువ్వే వాయిస్తా ఉండావు."

జీవానందం తండ్రివైపు చూశాడు. అంకన్న గోడకు ఆనుకొని కూచుని, కొడుకు తలపాగాకు అంటిన బురదను చూస్తూ ఉన్నాడు. కోడల్ని ఒక్క మాట అనలేదు.

మర్నాటినుంచి ఎలీషబా తనకూ మామకూ సరిపడా నీళ్లే తెచ్చింది. వంట చేసింది, అన్నం పెట్టింది. నీళ్లు మాత్రం పెట్టలేదు. జీవానందం బడిపిల్లలచేత తెప్పించుకోబోయాడు. చెంబు పట్టుకొని వాగుకు బయలుదేరిన పిల్లలను ఎలీషబా మధ్యలోనే ఆపింది. "మీ నాయనోళ్లు మిమ్మల్ని చదువుకు పంపినారు. పొండి లోపలికి" అని కసిరింది. ఆయన మజ్జిగతో రెండు రోజులు లాక్కొచ్చాడు. ఆ తరవాత చీకటిపడే వేళ, చెంబును పైపంచెలో చుట్టుకొని, షికారుకు పోతున్నట్టు వాగువైపు నడిచాడు. చెంబెడు నీళ్లకోసం దొంగలాగా పోయే ఆ మనిషిని చూస్తే ఎలీషబాకు జాలి కలగలేదు. నవ్వు కూడా రాలేదు. ఉమ్మెయ్యాలనిపించింది.

లోకం మాత్రం ఆమె పక్షాన లేదు. ఇన్‌స్పెక్టరు మాట నిలబెట్టుకున్నాడు. కోతల కాలానికి జీవానందానికి గిద్దలూరు పెద్ద బడికి బదిలీ వచ్చింది, జీతం పెరిగింది. నెత్తిన మోసిన బరువుకు అంత ఫలితమే ఉంటే, బతుకంతా మోసిన మామ ఎంత పెద్దవాడయ్యేవాడో అనుకుంది ఎలీషబా.

"నేను రాను" అంది. "మామను ఒంటరిగా వదిలి నేను రాను."

అది నిజమే గాని సగం నిజం. జీవానందం ఒక్కడే పోయాడు. బండిలో సామాను బండివాడు సర్దాడు. కొత్త అయ్యవారు ఇంకా రాలేదు గనక ఆ ఇంట్లోనే ఎలీషబాకు కూతురు పుట్టింది. రాహేలు అని పేరు పెట్టుకుంది. పిల్లను మామకు అప్పగించి పొలాల్లో కూలికి పోయింది. కోసిన జొన్నకంకులు గంపకెత్తి మోసేటప్పుడు మెడ పాత బలాన్ని గుర్తుతెచ్చుకుంది. మధ్యమధ్య జీవానందం వచ్చిపోయేవాడు. కొత్త కోటు కుట్టించాడు. గొలుసు చివర ఇప్పుడు గడియారం ఉంది. ఎలీషబా అన్నం పెట్టి అవతలికి పోయేది.

మరుసటి ఎండాకాలంలో అంకన్న జ్వరంతో పోయాడు. కబురందుకొని జీవానందం వచ్చాడు. పల్లెవాళ్లు పాడె కట్టారు. ముందు కుడిపక్కన కొడుకు పట్టాలన్నారు. ఆయన కోటు విప్పి ఒకరి చేతికిచ్చి, భుజం పెట్టాడు. శ్మశానం దాకా మార్చుకోకుండా మోశాడు. "ఎంత చదువుకున్నా తండ్రిని మోసినాడు చూడు" అని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఎలీషబా రాహేలును ఎత్తుకొని వెనక నడుస్తూ ఆయన్నే చూసింది. నాలుగడుగులకోసారి జీవానందం తల పక్కకు తిప్పుతున్నాడు. ఎవరెవరు వచ్చారో, ఎవరెవరు చూస్తున్నారో లెక్కచూసుకుంటున్నాడు. ఏడుపు వచ్చి ఉండవచ్చు, నిజంగానే దుఃఖం కలిగి ఉండవచ్చు. అయినా ఆ తల తిప్పడం ఆమె కంట పడింది. పడినదాన్ని పడలేదనుకోవడం ఆమె వల్ల కాలేదు.

కొత్త అయ్యవారు వస్తున్నాడు, ఇల్లు ఖాళీ చెయ్యాలి. పుట్టింటికి పోతే అన్న పెండ్లాం కింద బతకాలి. రాహేలుకు చదువు కావాలి. ఎలీషబా ఆలోచించి, భర్త ముందర నిలబడి చెప్పింది.

"వస్తా. నీళ్లు నువ్వు తెస్తే వస్తా. లేకుంటే రాను."

జీవానందం గుమ్మంవైపు చూశాడు. ఎవరూ వినలేదని నమ్మకం కుదిరాక, "మెల్లగా మాట్లాడు," అన్నాడు. "సరే."

గిద్దలూరులో క్రైస్తవుల పాలేనికి సొంత బావి ఉంది, ఇంటికి దగ్గరే. చేరిన మర్నాడు తెల్లవారకముందే చప్పుడైతే ఎలీషబాకు మెలకువ వచ్చింది. తలుపు దగ్గరికి వచ్చి చూసింది. జీవానందం కోటు లేకుండా, మొహం సగం కప్పేలా తలకు తువ్వాలు చుట్టుకొని, కుండ భుజానికెత్తుకొని పెరటి సందులోంచి వస్తున్నాడు. చుట్టుపక్కల ఇళ్లు ఇంకా నిద్రలేవలేదు. కుండ అలవాటు లేక నీళ్లు ఒలికి, వీపంతా తడిసిపోయింది.

"ఎవరూ చూడలేదు" అన్నాడు గుసగుసగా, ఆయాసపడుతూ.

ఎలీషబా కుండ అందుకొని నీళ్లు తొట్టిలో పోసింది. ఖాళీ కుండ తెచ్చి మళ్లీ ఆయన చేతుల్లో పెట్టింది.

"ఇంకోటి" అంది.